పచ్చ లైటు వెలిగితే లెవెల్లో ఉన్నట్టేనా?

మన ఐటీ జనాలకి పచ్చరంగు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదేమో. బిల్డు పచ్చగా ఉంటే ఇంటికెళ్ళిపోతాం. టెస్టులన్నీ పచ్చగా ఉంటే రిలీజ్ చేసేస్తాం. ఆ టెస్టు దేన్ని దేంతో పోల్చి పచ్చబడిందో తెరిచి చూసేవాళ్ళు ఎంతమంది? నేను పనిచేసిన ఓ ప్రాజెక్టులో "గోల్డెన్ ఫైల్" టెస్టులని ఉండేవి. ప్రోగ్రాం ఇచ్చిన జవాబుని, అంతకుముందు దాచిపెట్టిన జవాబుతో పోల్చి చూడటం వాటి పని. ఆ దాచిపెట్టిన జవాబెక్కడిది? ఎవరో ఒకరోజు ప్రోగ్రాం నడిపి, వచ్చినదాన్ని వచ్చినట్టు భద్రపరిచారంతే. ఆ రోజు ప్రోగ్రాంలో బగ్గుంటే ఆ బగ్గే బంగారం. తర్వాత ఎవడైనా బుద్ధిమంతుడు దాన్ని సరిచేశాడా, టెస్టు ఎర్రబడుతుంది!

ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, సరిగ్గా ఇలాంటి గోల్డెన్ ఫైలు ఒకటి మా మోటార్‌హోమ్ కింద బిగించి ఉంది. దాని పేరు ఆటోమేటిక్ లెవెలింగ్ సిస్టమ్.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఆర్వీ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: బస్సులో ఇల్లు. వంటగది, మంచం, బాత్రూము, ఫ్రిజ్, అన్నీ చక్రాల మీదే. మాది ముప్ఫై అడుగుల పొడవున్న పెట్రోలు బండి, సెకండ్ హ్యాండ్. మా అమ్మా నాన్నా ఆర్నెల్లు ఉండటానికి వస్తున్నారని, వాళ్ళని హోటళ్ళ చుట్టూ తిప్పేకంటే ఇంటినే తిప్పుదామని కొన్నాం. (అమ్మకి దోసెల పెనం వెంట ఉంటే చాలు, ఏ ఊరైనా ఒకటే.)

బస్సుని ఎక్కడైనా ఆపొచ్చు. ఇంటిని అలా ఆపడం కుదరదు. ఇంటికి మట్టం కావాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో మనకిచ్చే స్థలం ఎప్పుడూ ఏదో ఒక పక్కకి వాలే ఉంటుంది. అందుకని బండి కింద నాలుగు జాకీలు, హైడ్రాలిక్‌వో ఎలక్ట్రిక్‌వో ఉంటాయి. ఒక బటన్ నొక్కితే అవి నేలకి దిగి, బండిని ఎత్తి, సమం చేసి, పచ్చ లైటు వెలిగిస్తాయి. నిమిషాల్లో పని. పక్క సైట్లో ఎవరైనా చక్రాల కింద చెక్కలు పెట్టి, దిగి చూసి, ఎక్కి మళ్ళీ పెట్టుకుంటూ ఉంటే, మనకి కొంచెం గర్వంగా కూడా ఉంటుంది.

మట్టం ఎందుకంత ముఖ్యం? నిద్రలో తల కిందకి జారుతుందని, స్నానం చేసిన నీళ్ళు కాలవలోకి కాకుండా మూలకి పోతాయని, అవన్నీ ఉన్నవే. అసలు కారణం ఫ్రిజ్. చాలా మోటార్‌హోముల్లో ఉండేది మనింట్లో ఉండేలాంటి కంప్రెసర్ ఫ్రిజ్ కాదు. అమోనియా, నీళ్ళు, హైడ్రోజన్ కలిపి, కింద మంట పెట్టి పైన చల్లబరిచే యంత్రం. 1922లో స్టాక్‌హోమ్‌లో ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు విద్యార్థులుగా ఉండగానే కనిపెట్టారు. దాంట్లో కదిలే భాగమే లేదు. లోపలి ద్రవం గొట్టాల్లో తనంతట తాను కిందకి జారి వెనక్కి రావాలి. బండి ఎక్కువ వాలుంటే ద్రవం మధ్యలో ఎక్కడో నిలిచిపోతుంది, మంట దగ్గర గొట్టం ఎండిపోయి మాడుతుంది. అలా కొన్నాళ్ళు సాగితే ఫ్రిజ్ చచ్చిపోతుంది. మామూలుగా మాన్యువళ్ళు ఇచ్చే హద్దు పక్కలకి 3 డిగ్రీలు, ముందూ వెనకలకి 6 డిగ్రీలు. బండి నడుస్తున్నప్పుడు కుదుపులకి ద్రవం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది కాబట్టి పర్లేదు. ఆపినప్పుడే చిక్కు. ఇప్పటి కొత్త బండ్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు ఎక్కువయ్యాయి, వాటికి ఇంత పట్టింపు లేదు. మాది పాతకాలపుదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. బండి సమంగా ఉందని ఆ పెట్టెకి ఎలా తెలుస్తుంది?

కంట్రోలర్ డబ్బాలో ఒక సెన్సర్ ఉంటుంది. మన ఫోను అడ్డంగా తిప్పితే తెర తిరగడానికి కారణమైన చిప్పుకి అన్నయ్యో తమ్ముడో. భూమి లాగే బలంలో ఎంత భాగం ముందుకీ వెనక్కీ పడుతోంది, ఎంత భాగం పక్కలకి పడుతోంది అని కొలుస్తుంది. అంటే మనకొచ్చేవి రెండంకెలు. అయితే ఆ డబ్బాని మన గది నేలకి సరిగ్గా సమాంతరంగా ఎవరూ బిగించరు. ఎక్కడో ఛాసిస్ మీదో, సామాన్ల అర గోడకో, నాలుగు స్క్రూలతో చేతికందినట్టు బిగిస్తారు. కాబట్టి సెన్సర్ చూపించే సున్నాకీ మన నేల సున్నాకీ సంబంధం లేదు. ఆ సంబంధం ఒక మనిషి నేర్పాలి. బండిని చేత్తో సమం చేసి, "ఇదిగో, ఈ భంగిమనే లెవెల్ అంటారు, గుర్తుపెట్టుకో" అని చెప్పాలి. పెట్టె ఆ రెండంకెలూ దాచుకుంటుంది. ఆ తర్వాత జీవితాంతం చేసేదల్లా ఆ దాచిన అంకెల దగ్గరకి తిరిగి రావడమే. వచ్చాక పచ్చ లైటు.

అంటే పచ్చ లైటుకి అర్థం "నేల సమంగా ఉంది" అని కాదు. "నాకు నేర్పినవాడు నేర్పిన చోటికి చేరాను" అని. ఈ రెండింటికీ తేడా మాకు మా నాన్న వల్ల తెలిసింది.

* * *

నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలవగట్ల మీదే. మూడేళ్ళ క్రితం ఆయనకి కళ్ళు తిరిగే జబ్బు వచ్చింది, చెవి లోపల తేడా అన్నారు. మందులతో, తల తిప్పే వ్యాయామాలతో తగ్గింది. ఇక్కడికొచ్చాక మొదటి రెండు ట్రిప్పుల్లోనూ బండిలో లేచి నడిచినప్పుడల్లా గోడ పట్టుకోవడం మొదలెట్టారు. "ఎడమ పక్కకి లాగుతోందిరా" అనేవారు. మా ఆవిడ వెంటనే డాక్టరు దగ్గరికెళదాం అంది. నాన్నకి అది ఇష్టం లేదు. విజిటర్స్ ఇన్సూరెన్సులో పాత జబ్బులకి డబ్బులివ్వరని ఎవరో చెప్పారట (మామూలుగా నిజమే కూడా). రెండో ట్రిప్పు నుంచి వచ్చిన రాత్రి నన్ను పిలిచి, "టికెట్టు ముందుకి జరుపు. ఇక్కడ పడిపోతే మీకు ఇబ్బంది. అక్కడైతే మన డాక్టరు ఉన్నాడు" అన్నారు. ఇంకా మూడు నెలలు ఉండాల్సిన మనిషి.

మా అమ్మ మాత్రం ఇంకోమాట అంది. పెనం మీద నూనె ఎప్పుడూ ఒక పక్కకే పోతోంది, దోసె ఒకవైపు మాడి ఒకవైపు తెల్లగా వస్తోంది అని. బాత్రూము తలుపు దానంతటదే తెరుచుకోవడం నేనూ చూశాను. బండి అమ్మిన చోట సర్వీసు కుర్రాడికి ఫోన్ చేశా. "పచ్చ లైటు వెలుగుతోందా?" అన్నాడు. వెలుగుతోంది. "అయితే లెవెల్లో ఉన్నట్టే సార్. పెద్దవాళ్ళకి ఆర్వీలో అలా అనిపించడం మామూలే." ఫోన్ పెట్టేశాడు.

మూడో ట్రిప్పు పోయిన మే నెలలో, వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కుకి. అక్కడ స్కైలైన్ డ్రైవ్ అని కొండల శిఖరాల మీదుగా 105 మైళ్ళ రోడ్డు. (పిడకలవేట: ఉత్తరం వైపు నుంచి వస్తే మేరీస్ రాక్ సొరంగం ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు. మన బండి ఎత్తు ఏసీతో కలిపి కొలుచుకుని బయల్దేరండి.) బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. కరెంటు కనెక్షన్లు ఉండవు, ఫ్రిజ్ గ్యాసు మీదే నడవాలి. బటన్ నొక్కాం. పచ్చ లైటు. నాన్న లేచారు, గోడ పట్టుకున్నారు.

"బయట నడిస్తే ఎలా ఉంది?" అని అడిగా. బయట ఏమీ లేదట. పొద్దున్న చెట్ల మధ్య మైలున్నర నడిచొచ్చారు, కర్ర కూడా లేకుండా. ఈసారి మంచం మీద పడుకుని లేచి చూడమన్నా. తిరగడం లేదు, లాగడమే. కళ్ళు తిరిగే జబ్బు మెట్లెక్కి లోపలికొస్తే మొదలై, దిగితే ఆగిపోదు కదా.

ఫోన్లో దశాంశాలు చూపించే లెవెల్ యాప్ ఒకటి వేసుకుని నేల మీద పెట్టా. 1.9 డిగ్రీలు ఎడమకి. నాన్న వంగి చూసి, "తిప్పి పెట్టు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "ఆ పనిముట్టు నిజం చెబుతోందని ఎవరు చెప్పారు? అదే చోట తల ఇటు, తోక అటు చేసి పెట్టు." పెడితే అప్పుడూ ఎడమకే వాలింది, కానీ 1.1. రెండూ కూడి సగం చేస్తే 1.5. అది నేల వాలు. మిగిలిన 0.4 ఫోను అబద్ధం. ఫోను వెనక కెమెరా ఉబ్బు ఉంటుంది కదా, వెల్లకిలా పెడితే అది కొంచెం ఎత్తుతుంది.

ఇది తాపీమేస్త్రీలందరికీ తెలిసిన విద్యేనట. రసమట్టం కొనేటప్పుడు కొట్లోనే ఇలా తిప్పి చూస్తారు. బుడగ రెండుసార్లూ గదిలో ఒకే దిక్కుకి పోతే నేల వాలుగా ఉన్నట్టు, బద్దలో ఒకే కొసకి పోతే బద్దే తప్పు. కాలవ పనుల్లో డంపీ లెవెల్ వాడే ముందు కూడా రెండు మేకులు పాతి, మధ్యలో నిలబడి ఓసారి, ఒక మేకు పక్కన నిలబడి ఓసారి చూసి, రెండు లెక్కలూ కలిస్తేనే పని మొదలెట్టేవారట. "మైలుకి అంగుళాల్లో వాటం ఇవ్వాలి. పరికరం తప్పయితే నీళ్ళు వెనక్కొస్తాయి" అన్నారు. నేను పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి వింటున్న ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క ముక్కకి వ్యాఖ్యానాలే.

ఒకటిన్నర డిగ్రీ అంటే చిన్నదిలా వినిపిస్తుంది. బండి వెడల్పు 8 అడుగులు. ఆ చివరకీ ఈ చివరకీ ఎత్తులో తేడా రెండున్నర అంగుళాలు. ఫ్రిజ్ హద్దు 3 డిగ్రీలు కాబట్టి అది కిక్కురుమనలేదు, ఏ అలారమూ మోగలేదు. యంత్రాలన్నీ ఒప్పుకున్నదాన్ని పట్టుకున్నది ఒక ముసలాయన కాళ్ళూ, ఒక దోసె పెనమూ.

ఆ సాయంత్రం ఆటో పక్కనపెట్టి, మాన్యువల్లో ఎడమ జత జాకీల్ని కొద్దికొద్దిగా ఎత్తుతూ ఫోను తిప్పి తిప్పి చూసుకున్నాం. అర్ధరాత్రి నాన్న బాత్రూముకి లేచిన చప్పుడైంది. లైటు వెయ్యలేదు. వెళ్ళి, వచ్చి పడుకున్నారు. గోడ మీద చెయ్యి పడిన శబ్దం రాలేదు. తెల్లారి టికెట్టు ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. (బయట కూడా తూలితే కథ వేరు, అప్పుడు వెతకాల్సింది రసమట్టాన్ని కాదు, డాక్టర్ని.)

* * *

ఇంటికొచ్చాక సున్నా మళ్ళీ నేర్పించాం. ఎలాగో కాస్త వివరంగా చెబుతా, ఎందుకంటే ఈ పని బటన్లు నొక్కినంత తేలికా, అందుకే అంత ప్రమాదకరమూ.

ముందు చోటు. వీలైనంత చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. ఎలాగూ జాకీలతో సమం చేస్తాం కదా, ఏ నేలైతేనేం అనిపిస్తుంది. కానీ మూడు కాళ్ళ పీట ఎక్కడైనా నిలుస్తుంది, నాలుగు కాళ్ళ బల్ల కుంటుతుంది. నాలుగు జాకీల మీద బండి కూడా అంతే. ఎగుడుదిగుడు నేల మీద ఒక మూల ఎక్కువ ఎత్తితే ఛాసిస్ మెలి తిరుగుతుంది. అప్పుడు డబ్బా ఉన్న చోట వాలు ఒకటి, గదిలో వాలు ఇంకొకటి. సెన్సర్ వాలుని చూస్తుంది కానీ మెలిని చూడలేదు. మెలి తిరిగిన బండి మీద నేర్పిన సున్నా, మెలి తీరగానే తప్పవుతుంది. అందుకే జాకీల్ని ఒక్కొక్కటిగా కాకుండా జతలుగానే కదపాలి: ముందు రెండూ, వెనక రెండూ, ఎడమ రెండూ, కుడి రెండూ. ముందర పెద్ద అద్దం ఉన్న బండ్లలో మెలి పడితే ఆ అద్దానికే ముప్పు.

రెండోది డబ్బా. అది కదులుతుంటే సున్నా నేర్పడం దండగ. మా దాని స్క్రూ ఒకటి ఊడి, డబ్బా ఒక మూల వేలాడుతోంది. బ్యాటరీలు మార్చినప్పుడు ఎవరో తీసి మళ్ళీ సరిగా బిగించలేదు. బిగించాం. చాలా సందర్భాల్లో సున్నా తప్పడానికి కారణం సెన్సర్ పాడవడం కాదు, ఇదే: డబ్బా కదలడమో, కొత్తది వేసి సున్నా నేర్పకపోవడమో. బ్యాటరీ వోల్టేజీ కూడా చూసుకోవాలి. అది పడిపోతే మోటార్లు మధ్యలో ఆగి ఎర్రర్ వస్తుంది, అందుకే మా మాన్యువల్ ఇంజన్ నడుపుతూ చెయ్యమంటుంది.

మూడోది, దేనికి సమం చెయ్యాలి? నేలకా, మంచానికా, ఫ్రిజ్‌కా? పాత బండిలో మూడూ ఒకదానితో ఒకటి ఏకీభవించవు. నా మటుకు నాకు ఫ్రిజ్ ఫ్రీజర్ అడుగున ఒక రసమట్టం, నడిచే దారి మధ్యలో ఒకటి పెట్టి, రెండింటికీ కుదిరేలా నేలవైపు మొగ్గడం న్యాయం అనిపించింది. ఫ్రిజ్‌కి 3 డిగ్రీల సహనం ఉంది. నాన్న కాళ్ళకి లేదు.

ఆ తర్వాత పని అరనిమిషం. హార్డ్‌వేర్ షాపులో కొన్న రెండడుగుల రసమట్టం (కొట్లోనే తిప్పి చూసి కొన్నది) పెట్టుకుని, మాన్యువల్లో బుడగ రెండు దిక్కుల్లోనూ మధ్యకి వచ్చేదాకా జాకీలు కదిపాం. ప్యానెల్ ఆపి, ముందు జత బటన్ ఐదుసార్లు, వెనక జత బటన్ ఐదుసార్లు నొక్కితే "జీరో పాయింట్" పెట్టమంటారా అని అడుగుతుంది. ఇది మా దాంట్లో, ఒక్కో కంపెనీకి ఒక్కో మంత్రం, మీ మాన్యువల్ చూసుకోండి. అవును అంటే ఆ క్షణం ఎలా ఉంటే అదే సున్నా. "నిజంగానా? రసమట్టం చూశావా?" అని అడగదు. పాత సున్నా ఎంతో చూపించదు, ఎవరు ఎప్పుడు పెట్టారో చెప్పదు, వెనక్కి తీసుకునే దారీ లేదు. వెర్షన్ కంట్రోల్ లేని ప్రొడక్షన్ కాన్ఫిగ్ అన్నమాట. అందుకని నేను ప్యానెల్ తలుపు లోపలి వైపు తేదీ, కొలిచిన రెండంకెలూ పెన్నుతో రాసిపెట్టా.

పరీక్ష దీనికంటే ముఖ్యం. జాకీలు పూర్తిగా ఎత్తేసి, బండిని వాలున్న చోటికి తీసుకెళ్ళి ఆటో నొక్కి, రసమట్టంతో చూశాం. తర్వాత బండిని అదే చోట ఎదురు దిక్కుకి తిప్పి ఆపి, మళ్ళీ ఆటో, మళ్ళీ కొలత. ఇది కూడా నాన్న సలహానే, బద్దకి చేసిందే బండికీ. రెండుసార్లూ బండి ఒకే పక్కకి ఒరిగితే సున్నా తప్పు. ఒరుగు పక్క మారితే తప్పు సున్నాలో కాదు, జాకీల్లోనో, మెలిలోనో, కాలి కింద మెత్తగా ఉన్న నేలలోనో ఉంది. మాకు రెండుసార్లూ పావు డిగ్రీ లోపే వచ్చింది. చాలు.

ఇక సున్నా సరిగ్గా ఉన్నా ఆటో నొక్కకూడని సందర్భాలున్నాయి. ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఇది. మోటార్‌హోముల్లో పార్కింగ్ బ్రేకు మామూలుగా పట్టేది వెనక చక్రాల్నే. గేరు పార్కులో పెట్టినా ఆగేది అవే. ఎత్తుకి ముక్కు పెట్టి ఆపితే వెనక భాగం పల్లంలో ఉంటుంది. సమం చెయ్యాలంటే పెట్టె వెనక భాగాన్ని ఎత్తుతుంది. వెనక చక్రాలు నేల వదిలాయా, పది టన్నుల దాకా ఉండే ఇల్లు బ్రేకు లేకుండా నాలుగు సన్నటి కాళ్ళ మీద కొండవాలుకి నిలబడి ఉన్నట్టు. పెట్టెకి వాలు తెలుసు, బ్రేకు ఏ చక్రానికి ఉందో తెలియదు. పచ్చ లైటు అప్పుడూ వెలుగుతుంది. కాబట్టి వీలైనంతవరకు ముక్కు పల్లానికి పెట్టి ఆపండి. వాలు ఎక్కువైతే ముందు పల్లపు చక్రాల కింద చెక్కలు పరిచి, బండిని వాటి మీదకి ఎక్కించి, చక్రాలకి అడ్డు పెట్టి, మిగతా కొంచెం మాత్రం జాకీలకి వదలండి. ఎండాకాలం తారు మీద జాకీ పాదం కింద ప్లైవుడ్ ముక్క లేకపోతే పొద్దుటికి గుంట పడుతుంది. జాకీల మీద మాత్రమే నిలబడిన బండి కిందకి ఎవరూ దూరకూడదు, పిల్లల బంతి పోయినా సరే.

ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే, ఇంజన్ శబ్దం వినే ముందు ఆటో నొక్కించి, జేబులోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టండి. తిప్పి కూడా పెట్టండి. అమ్మేవాడి మొహం చూడాల్సిన పని లేదు, బుడగ చూస్తే చాలు.

ఇంకో ముక్క. బయల్దేరే ముందు మురికినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు నాన్న ఆటో లెవెల్ వద్దన్నారు. "నీళ్ళు పోవాలంటే సమం ఎందుకురా, వాటం ఇవ్వు." గొట్టం ఉన్న పక్క కాస్త దిగేలా అవతలి జతని ఒక అంగుళం ఎత్తాం. గొట్టంలోంచి ఇంకో బిందెడు నీళ్ళొచ్చాయి. తర్వాత జాకీలు ఎత్తి, ప్యానెల్లో లైటు ఆరిందని చూసి, అయినా సరే చుట్టూ తిరిగి నాలుగు చోట్లా వంగి చూసి, అప్పుడు బండి కదిపాం. వంగి చూసే డ్యూటీ నాన్నదే, అడక్కుండానే తీసుకున్నారు.